పూసల్లేని లిల్లీ

మా పెద్దత్తయ్య బాంగ్ మల్‌సూన్‌కి ఎనభై ఒకటి. జొంగ్‌సొన్ కొండల్లో పూసే నారింజరంగు లిల్లీల్లో ఏది ఏ జాతిదో కాడ చూసి చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు, చెప్పలేనివాళ్ళని ఏం చదువుకున్నారని కూడా అడుగుతుంది. మా ఆయన చొల్‌గ్యూ చిన్నప్పట్నుంచీ ఆ ప్రశ్న వింటూనే ఉన్నాడు.

చూసేవాళ్ళకి చమ్‌నారి, జుంగ్‌నారి అనే లిల్లీలు రెండూ ఒకటే. అదే రంగు, అవే మచ్చలు, అలాగే తల వేలాడేసి రేకులు వెనక్కి మడుచుకునే పువ్వు. కానీ చమ్‌నారికి ఆకు చంకల్లో నల్లటి పూసలుంటాయి. అవి రాలిన చోటల్లా మొలుస్తుంది, ఎన్నిసార్లు నరికినా సిగ్గులేకుండా మళ్ళీ లేస్తుంది. జుంగ్‌నారికి ఆ పూసలు లేవు. కాయ పండి విత్తనం రాలితేనే దానికి సంతానం. కాయ పండేది అక్టోబరులో. మా మగవాళ్ళ పితృభక్తి పొంగేదేమో సెప్టెంబరులో.

చుసొక్ పండగకి రెండు వారాల ముందు సమాధుల మీద గడ్డి కోయాలి. కోయకపోతే ఆ ఇంట్లో మగవాళ్ళే లేరా అని ఊరు అడుగుతుంది. అందుకని ఏడాదంతా తాత పేరైనా గుర్తుండనివాళ్ళు ఆ ఒక్కరోజు మిషన్లు భుజాన వేసుకుని కొండెక్కి, పచ్చగా కనబడిందానికల్లా గుండు కొట్టి, మేం మోసుకెళ్ళిన ఆలుగడ్డ అట్లు తిని, బియ్యపు కల్లు తాగి దిగుతారు. పెదమామయ్య సమాధి మీది జుంగ్‌నారి కాయలు ఏటా పచ్చిగానే తెగిపోయేవి.

ఒక ఏడు పెద్దత్తయ్య వాటికి ఎర్రగుడ్డ కట్టింది. సియోల్ నుంచి కెమెరాలు మెళ్ళో వేసుకొచ్చిన ప్రకృతి ప్రేమికులు ఆ గుడ్డని చూసి తిన్నగా వచ్చి, బోర్లా పడుకుని ఫొటోలు తీసుకున్నారు. అలాంటి ఫొటో ఇంకెవరికీ దొరక్కూడదని పోతూ పోతూ పూలు తుంచేశారు. ఆ తర్వాత గడ్డల్ని అడవిపందులు తవ్వుకు తిన్నాయి. పందులు కనీసం ప్రకృతి ప్రేమికులమని చెప్పుకోలేదు. చివరికి ఒక్క మొక్క మిగిలింది, చుట్టూ ఆరేడు చమ్‌నారిలు.

ఈ ఏడు పెద్దత్తయ్యకి మోకాలి ఆపరేషనైంది. కోత దగ్గర కాపలా ఉండే ఓపిక లేక, ముందురోజే మా ఆయన్ని కూర్చోబెట్టింది.

"ఒరే చొల్‌గ్యూ, పూసల్లేనిది ఒక్కటే ఉంటుంది. దాన్ని వదిలెయ్. మిగతావి కోసుకో."

"అంతేనా పెద్దమ్మా? ఇంకో గుర్తేమైనా ఉందా?"

"ఉంది. నీ బుర్రలో రెండు పట్టవు. ఆ ఒక్కటీ దారిలో పారేసుకోకుండా కొండదాకా మోసుకెళ్ళు, చాలు."

మర్నాడు సాయంత్రానికి ఆవిడకి ఉండబట్టలేదు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, నాలుగుచోట్ల కూర్చుని లేచి కొండెక్కింది.

సమాధి నున్నగా ఉంది. దాని మీద ఒక్క కాడ నిలబడి ఉంది. మా ఆయన పక్కనే చెమట తుడుచుకుంటున్నాడు.

"ఒక్క పూస లేదు పెద్దమ్మా. ఆకు ఆకూ ఎత్తి చూశాను. ఇది దొరికాక మిగతావన్నీ లేపేశాను."

పెద్దత్తయ్య ఒక ఆకు ఎత్తింది. చంకలో పూస ఊడిన మచ్చ. ఇంకో ఆకు కింద ఇంకో మచ్చ. కాడ మొదలు దగ్గర మట్టి నిండా నల్లపూసలు. అది చమ్‌నారి. ఆగస్టు దాటితే దాని పూసలు రాలిపోతాయి. చమ్‌నారికి కాయ కాయదు, ఈ కాడకీ ఒక్కటీ లేదు. పక్కన గడ్డికుప్పలో తెగిపడిన ఒక కాడకి మూడు పచ్చికాయలున్నాయి. ఆవిడ చెప్పకుండా మిగుల్చుకున్న రెండో గుర్తు ఆ కాయలే.

నాకు ఏడుపొచ్చింది. ఇక మా ఆయన పని అయిపోయిందనుకున్నాను.

"సరిగ్గానే వదిలావురా," అంది పెద్దత్తయ్య. ఆయన మొహం వెలిగిపోయింది.

ఇంటికొచ్చాక ఆ తెగిన కాడని ఖాళీ కల్లుసీసాలో నీళ్ళు పోసి కిటికీలో పెట్టింది. కాయలు అలా పండితే పండొచ్చు. గడ్డ ఇంకా భూమిలోనే ఉంది, పందులకి ఆ సంగతి తెలిసేదాకా.

"ఆయన్ని ఒక్క మాటైనా అనలేదేం పెద్దత్తయ్యా?" అన్నాను.

"ఏమనను? జూలైలో పనికొచ్చే గుర్తు సెప్టెంబరులో చెప్పింది నేను. వాడి బుర్ర చిన్నదని రెండోది దాచిందీ నేనే." సీసాని ఎండవైపు జరిపింది. "పుట్టి బుద్ధెరిగాక వాడు నా మాట విన్నది ఇదొక్కసారేనే."