ఇద్దరు గీసుకునే సాఫ్ట్‌వేర్

సింహాద్రి అప్పన్న సాక్షిగా ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ప్లాంటు మిషన్లు చూసుకుంటూ, మంచులో పడుకున్న వంజరం చేప వేలంలో లేచి కూర్చుని తన ధర తక్కువైందని అలిగిందని చెప్పినవాణ్ణి నేనే. అది వేరు, ఇది వేరు.

నాకూ బావకూ మోడల్ విమానాల పిచ్చి. బావంటే చుట్టరికం కాదు, మా వైపు స్నేహితుణ్ణి అలాగే పిలుస్తాం. పోర్టులో క్రేన్ల మీద పనిచేసేవాడు. ఆదివారాలు ఆనందపురం దాటి, కోతలైపోయిన పొలాల్లో చిన్న చిన్నవి ఎగరేసేవాళ్లం. తర్వాత ఆశ పెరిగి పెద్దదానికి దిగాం. అసలు విమానంలో నాలుగో వంతు. రెక్కలు తగిలిస్తే మా ఇంటి హాలు తలుపు మూతపడదు. అంత సైజులో ప్లైవుడ్ ముక్కలు చేత్తో కోస్తే ఒకదానిలో ఒకటి కూర్చోవు. కంప్యూటర్లో గీసిన గీత ప్రకారం కోసే సీఎన్‌సీ మిషన్ కావాలి, ఆ గీత గీయడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. రెక్కలు నేను గీయాలి, పొట్ట బావ గీయాలి అనుకున్నాం. సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకోకముందే బావకు ఒడిశాలో ఇంకో పోర్టుకు బదిలీ అయింది.

గోపాలపట్నంలో సీఎన్‌సీ షాపు నడిపే ఆయన నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

“ఏటన్నా, ఇంకా తేల్సలేదా? నీ ఇమానం కన్నా ముందు నానే పైకెల్లిపోయేలా ఉన్నాను.”

ఆయన చూపించినది మన కంప్యూటర్లోనే ఉండే సాఫ్ట్‌వేర్. బొమ్మ గీయడం, కట్టర్ ఏ దారిన పోవాలో ఎంత లోతు దిగాలో చెప్పడం, రెండూ అందులోనే. నెట్ లేకపోయినా పనాగదు. నా కన్ను మాత్రం ఇంకోదాని మీద ఉంది. అది నెట్‌లో ఉంటుంది. ఒకే బొమ్మను రెండు ఊళ్ల నుంచి ఇద్దరు గీయొచ్చు. అవతలివాడు వస్తే అతని పేరున్న బాణం గుర్తు మన తెర మీద కదులుతుంది. అయితే అది కట్టర్‌కి దారి గీయదు. బొమ్మను బయటికి తీసి వేరే దానిలో పెట్టాలి. ఒక్క రంధ్రం జరిపినా మళ్లీ మొదటికే.

“రెండు పడవల మీద కాళ్లెందుకన్నా? ఒక్కడివే గదా. నాను సూపించింది సాలు.”

“ఒక్కణ్ణేటి? బావ ఉన్నాడు. సబ్‌మెరైన్లు కూడా ఇలాగే పదిమందీ కూకుని గీత్తారంట, తెల్సా?”

“సబ్‌మెరైనోళ్లు నీకు సెప్పీసేరేటి!”

నేను నెట్‌దే పెట్టుకున్నాను. బావకు ఫోను చేశాను.

“డ్యూటీలో ఉన్నాను బావా,” అన్నాడు. వెనక ఏదో ఇనుము మోగుతోంది. “లింకు ఎట్టు. ఆదోరం సూత్తాను.”

ఆదివారాలు గడిచాయి. తెర మూలన నా పేరు ఒక్కటే వెలుగుతూ ఉండేది. రెక్కలు రెండూ పూర్తయ్యాయి. మధ్యలో పొట్ట లేకుండా తెల్లటి తెర మీద గాల్లో వేలాడుతున్నాయి. పలక దూరే ఒక గాడి పక్కన “ఇది సరిపోద్దా బావా?” అని రాసిపెట్టాను. కొన్నాళ్లకు దాని కింద నేనే “సరిపోద్ది” అని రాసుకున్నాను.

బావకు నచ్చనిది ఒకటుంది. కట్టర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాడి లోపలి మూల పదునుగా రాదు, అందులోకి ఇంకో పలక దూరదు. అందుకని మూలకు చిన్న గుండ్రటి గంటు అదనంగా పెడతాం. దాన్ని చెవి అంటాం. “పలకకి సెవులేటి బావా, కుందేలా? మూలలు ఆకురాయితో రాసీవొచ్చు,” అనేవాడు. అతను చూస్తే చెరపకుండా ఊరుకోడని అన్ని గాడులకూ చెవులు పెట్టాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండో బాణం వచ్చింది. బావ పేరుతో, ఆకుపచ్చ రంగులో. కాసేపు రెక్క చుట్టూ తిరిగి, చివరి గాడి దగ్గర ఆగి, ఒక చెవిని చెరిపేసింది. ఖాళీ ఇంట్లో నేను పైకే నవ్వాను. మర్నాడు సీఎన్‌సీ షాపులో ఈ సంగతి చెప్పి, ఆయన చూపించిన సాఫ్ట్‌వేరే నా కంప్యూటర్లో వేయమన్నాను.

ఆయన మౌసు వదిలేసి నా వైపు తిరిగాడు. “అదేటన్నా? మీ బావొచ్చీసేడంటన్నావ్. మరి ఒక్కడు గీసుకునేది ఎందుకు?”

మా వీధిలో నెట్ సరిగా రావడం లేదని చెప్పాను. ఆయన వేసి ఇచ్చాడు. పొట్ట ఇప్పుడు నేనే గీస్తున్నాను.

అప్పన్న మీద ఒట్టు పెట్టాను కాబట్టి ఆయనకు చెప్పనిది ఇక్కడ చెప్పాలి. బావ రాలేదు. లింకు పంపడం, సూత్తానని అతను అనడం నిజం. బాణం రావడమూ నిజమే, బావది కావడమే కల్పితం. ఫోనులో బావ పేరుతో కొత్త ఖాతా తెరిచి నేనే ఆ బొమ్మలోకి వెళ్లాను. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతి కింద మౌసు. చెవిని చెరిపింది నా బొటనవేలు. రెండు బాణాలూ ఒకే గాడి దగ్గర పక్కపక్కన నిలబడ్డాయి. కాసేపు బాగానే ఉంది.