టెలిమెట్రీ ఆగిన తరువాత

2015 జూన్. శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక హైస్కూల్లో నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన కొత్త. అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లకు తిండీ పరికరాలూ తీసుకెళ్తున్న సరుకు నౌక ఒకటి ఎగిరిన కాసేపటికే పేలిపోయింది. అందులో మనుషులు లేరు. మర్నాడు పదో తరగతిలో పుస్తకం మూసేసి దాన్నే పాఠంగా చెప్పాను.

నౌక తన వేగం, పీడనం వంటి వివరాలను క్షణక్షణం భూమికి పంపుతుంది. దాన్ని టెలిమెట్రీ అంటారు. అది ఆగింది, శకలాలు కనిపించాయి, ఇంజనీర్లు ఆ రోజే నౌక పోయిందని ప్రకటించారు.

"సైన్సంటే ఆధారాన్ని ఒప్పుకోవడం. ఇంకా రాలేదంటూ కూర్చోవడం మూఢత్వం" అన్నాను. అంటూ రెండో వరసలో ఉన్న లక్ష్మి వైపు చూశాను. కావాలనే చూశాను.

లక్ష్మి తండ్రి అంతకు ఏడాది ముందు సముద్రం మీద చేపల వేటకు వెళ్లాడు. తెప్ప తిరగబడటం తోటివాళ్లు చూశారు, శవం మాత్రం దొరకలేదు. ఆ పేటలో శవం దొరకని మనిషిని పోయాడనరు, రాలేదంటారు. ఇంటివాళ్లు తమ నోటితో పోయాడనేదాకా కర్మ చేయరు. తల్లి ఎర్రమ్మ బొట్టూ గాజులతోనే చేపల గంప ఎత్తుకుని తిరిగేది. చదువు లేక భ్రమలో బతుకుతోందని నేను జాలిపడేవాణ్ణి.

ఆ సాయంత్రం పేట పెద్దలు వింటుండగా లక్ష్మి, నాన్న పోయినట్టేనని మాస్టారు చెప్పారంది. తల్లి కాదనలేకపోయింది. కులపెద్ద మూడో రోజుకు కర్మ పెట్టించాడు.

తెలిసి వాళ్లింటికి పరుగెత్తాను. భర్త పోతే గాజులు పగలగొట్టే ఆచారం మీద పత్రికల్లో రాసినవాణ్ణి, వేదికలెక్కి వాదించినవాణ్ణి. ఆ వాదనలన్నీ మళ్లీ వినిపించాను. కులపెద్ద ఓపికగా విన్నాడు.

"పోయినాడనీసి మీరే కదా బాబూ సెప్పినారు. పోయినోడి పెళ్లానికి సేసీది సేస్తాం."

గుమ్మంలో కూర్చున్న ఎర్రమ్మ తలెత్తింది.

"నాకు తెలీదనుకున్నారేటి మాస్టారు బాబూ? తెప్ప తిరగబడినాదన్న నాడే తెలుసు. రాలేదు, రాలేదు అనుకుంటా ఏడాది ఆపుకొచ్చినాను. ఇంకెలాగ ఆపీది?"

కర్మ జరిగిపోయింది. లక్ష్మి ఆ ఏడాదంతా బడికి వచ్చింది గాని, క్లాసులో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సరుకు నౌక ఎందుకు పేలిందో తెలుసుకోవడానికి వార్తలన్నీ వెతికి చదివాను. నాలుగు వీధుల అవతలున్న మనిషి రాలేదన్న మాట ఎందుకు పట్టుకుని ఉందో ఒక్కసారి అడగలేదు. ఏదైనా నమ్మకాన్ని ఖండించబోయే ముందు, అది ఎవరికి ఎందుకు పనికొస్తోందో ఇప్పుడు అడుగుతున్నాను. ఆ ఆచారం దుర్మార్గమనే ఈనాటికీ అంటాను. కాని దాన్ని నాకంటే తెలివిగా, ఏ వేదికా లేకుండా ఎదిరించిన మనిషి ఆ పేటలో ఒకామె ఉండేది. ఆమెను ఓడించింది నేనే.