అబ్బాయిరాజుగారి మైలేజీ

పెంటపాడు అబ్బాయిరాజుగారిని "బాగున్నారా అండీ" అని అడిగితే "ఇరవై రెండు పాయింటు నాలుగు" అంటారు. లీటరు పెట్రోలుకి ఆయన కారు నడిచే కిలోమీటర్లవి. ఇరవై మూడు దాటిన రోజు ఆయనకి ఆకలి బాగా వేస్తుంది. ఇరవై ఒకటికి దిగితే నీరసం, ఒళ్లునొప్పులు. ఒక వానాకాలం పంతొమ్మిదికి పడిపోతే రెండు రోజులు మంచం దిగలేదు. డాక్టరు వచ్చి నాడి పట్టుకుంటే, "నన్ను కాదండి, బండిని చూడండి" అన్నారు.

పద్దెనిమిది ఎకరాల వరిచేలున్న ఆసామి. అరవయ్యో ఏట ముచ్చటపడి, వెనక పొడుగాటి డిక్కీ ఉన్న సెడాన్ కొన్నారు. లీటరుకి పద్దెనిమిది ఇస్తుందని చెప్పాడు అమ్మినవాడు. "అది మామూలు మనుషులకండి" అని తాళం తీసుకున్నారు రాజుగారు. అంతే, ఆ రోజు నుంచి ఆయన మామూలు మనిషి కాకుండా పోయారు.

ఆ కారు ఎక్కాలంటే ముందు కాటా ఎక్కాలి. ధాన్యం బస్తాలు తూచే కాటా వరండాలోనే ఉంది. పెళ్లికి బయల్దేరిన చుట్టాలు పట్టుచీరలతో సహా వరసగా నిలబడి తూగాల్సిందే. రాజుగారి భార్య వెంకటనరసమ్మగారు ఒకసారి అరటిగెలతో వచ్చారు.

"గెల పద్నాలుగు కిలోలు. పెళ్లివారి ఊళ్లో అరటిపళ్లు దొరకవా?" అన్నారు రాజుగారు.

"పోనీ, నేను దిగిపోనా అండీ?"

రాజుగారు కాసేపు నిజంగానే ఆలోచించారు. "దిగితే ఇరవై మూడు వస్తుంది" అన్నారు.

ఆవిడ అప్పటి నుంచి బస్సే. "నయమేనండి" అని నాతో చెప్పారావిడ. "మొన్న ద్వారకాతిరుమల ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. నేను బస్సులో వెళ్లి, దర్శనం చేసుకుని, పులిహోర తిని తిరిగొస్తుంటే భీమడోలు దగ్గర ఈయన ఎదురొచ్చారు. కొండకి వెళ్తున్నారు. నేను చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. ఊపితే ఆక్సిలరేటరు మీద కాలు కదిలిపోద్దంట."

మే నెలలో నేనూ ఒకసారి ఆయనతో నల్లజర్ల వెళ్లాను. ఏసీ వేస్తే మైలేజీ పోతుంది. అద్దాలు దించితే గాలి లోపలికి చొరబడి బండిని పట్టుకుంటుంది, మళ్లీ మైలేజీయే పోతుంది. అందుకని అద్దాలు బిగించి, ఏసీ ఆపి, ఇద్దరం ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టు కూర్చున్నాం.

"చెమటలు కారిపోతున్నాయండీ" అన్నాను.

"కారనివ్వండి. అరకిలో తగ్గుతారు."

బ్రేకు తొక్కడమంటే ఆయనకి, కొన్న పెట్రోలుని రోడ్డు మీద పారబోసుకోవడం. దారికి ఏది అడ్డొచ్చినా అరకిలోమీటరు దూరం నుంచే చూసి కాలు ఎత్తేస్తారు. ఇంకోరోజు మేమిద్దరం కొల్లేరు వైపు వెళ్తుంటే బాతుల మంద రోడ్డు దాటుతోంది. రాజుగారు కాలెత్తారు. బండి జారుతూ, జారుతూ అక్కడికి చేరేసరికి ఆ బాతులు అవతలి చేలో మేత ముగించుకుని, తిరిగి ఇవతలికి దాటుతున్నాయి. ఇంతలో మమ్మల్ని ఒక గడ్డి ట్రాక్టరు దాటింది. ట్రాక్టరు డ్రైవరు జాలిపడి, తాడు కావాలా అని అడిగాడు. ఆ కారులో స్పోర్టు అనే మీట ఒకటుంది. నొక్కితే ఇంజను గుర్రంలా దూకుతుందట. దాని మీద రాజుగారు పుండుకి వేసినట్టు ప్లాస్టరు వేశారు.

పెట్రోలు కోసం గుండుగొలను దాకా వెళ్తారు. అక్కడి బంకులో నాగదుర్గ అనే అమ్మాయి కొట్టే పంపు మీదే ఆయనకి నమ్మకం. ట్యాంకు గొంతు దాకా నిండితేగాని మైలేజీ లెక్క తేలదు.

"ఆగిపోయిందండి రాజుగారూ. నిండింది" అంటుంది నాగదుర్గ.

"నిండలేదమ్మా. లోపల గాలుంది."

ఆ గాలి బయటికి రావడానికి రాజుగారు కారుని పట్టుకుని ఊపుతారు. ఆయన ఒక్కరి వల్ల కాకపోతే లారీ డ్రైవర్లు సాయం పడతారు. ఒకసారి అటు పోతున్న బస్సు ఆగి, ఇద్దరు ప్రయాణికులు కంగారుగా దిగొచ్చారు.

"లోపల ఎవరు ఇరుక్కున్నారమ్మా?"

"గాలండి" అంది నాగదుర్గ.

ఇలాంటి మనిషి బతుకులో ఒక పండగ వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక కార్ల షోరూం వాళ్లు మైలేజీ పోటీ పెట్టారు. గూడెం నుంచి ఏలూరు వెళ్లి మధ్యాహ్నం పన్నెండు లోపల తిరిగి రావాలి. ఎవరి కారు తక్కువ పెట్రోలు తాగితే వాళ్లకి షీల్డు, పేపర్లో ఫొటో. రాజుగారు గోడకి మేకు ముందే కొట్టించేశారు. పోటీ ఆదివారం పెట్టమని మాత్రం షోరూం మేనేజరు హేమంత్‌కుమార్‌ని నాలుగుసార్లు బతిమాలారు. శనివారమే కుదిరిందన్నాడు హేమంత్‌కుమార్.

కారుకొక పరిశీలకుడు ఉండాలని నియమం. రాజుగారు జిల్లా విలేకరులందరినీ చూపుతోనే తూచి నన్ను ఎంచుకున్నారు. నేను యాభై రెండు కిలోలు. ఆ రోజు ఉదయం టిఫిను చేయవద్దని ఫోను కూడా చేశారు. ఆయనైతే ముందు రోజు సాయంత్రం నుంచే పస్తు.

ఏడూ ముప్పావుకి జెండా ఊపారు. ఆ నడపడం నిజంగా చూసి తీరాలి. కాలు ఆక్సిలరేటరు మీద ఉందో లేదో దానికే తెలియదు. ఇంజను చప్పుడు నిద్రపోతున్న పసిపిల్ల గురకలా ఉంది. ఉంగుటూరు దాటేసరికి ఇరవై ఆరు. గుండుగొలను వచ్చేసరికి స్క్రీను మీద ఇరవై ఆరు పాయింటు ఎనిమిది. రాజుగారి కళ్లల్లో నీళ్లు.

"రాసుకోండి" అన్నారు. "ఎవడూ చూసి ఉండడు ఈ అంకె."

నేను రాసుకుంటుండగానే కారు కుదుపుతో ఆగింది. నా తల డాష్‌బోర్డుకి తగిలింది. రాజుగారు బ్రేకు తొక్కారు.

బస్‌స్టాపులో బల్ల మీద ఒక మనిషి సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి, ముఖంలో రంగు లేదు. కొల్లేటి చేపల చెరువుల్లో పనిచేసిన పోతురాజు అతను. కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం ఏలూరు ఆస్పత్రిలో మెషీను మీద నాలుగు గంటలు పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. తొమ్మిదింటికి మంచం మీద లేకపోతే ఆ మెషీను తర్వాతివాడికి వెళ్లిపోతుంది. మళ్లీ బుధవారమే. అప్పటిదాకా ఊపిరి అందుతుందన్న నమ్మకం లేదు. అప్పుడు టైము ఎనిమిదిన్నర.

"ఎక్కవయ్యా" అన్నారు రాజుగారు.

"నేను బస్సుకెల్తానండి. ఇయ్యాల మీకు పోటీ కదండి."

"ఏదీ బస్సు?"

"రెండొచ్చాయండి. కాలు పెట్టడానికి లేదండి. ఇంకోటి వస్తాదండి. నేనెక్కితే మీ మైలేజీ పాడైపోద్దండి."

"నువ్వు లేకపోతే శనివారం లెక్క ఎలా రాయమంటావు? ఎక్కు."

నేను వెనక్కి మారాను. పోతురాజు ముందు కూర్చున్నాడు. రాజుగారు ఏసీ వేశారు. ప్లాస్టరు పీకి మీట నొక్కారు. ఆ కారు మూడేళ్లుగా దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా వెళ్లగక్కింది. తొంభై. తొంభై అయిదు. మేము లారీలను దాటుతున్నాం, కార్లను దాటుతున్నాం. స్క్రీను మీద ఇరవై నాలుగు, ఇరవై రెండు, ఇరవై. రాజుగారు భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పేశారు.

పోతురాజు నిమ్మళంగా వెనక్కి తిరిగి, నాకు విషయం విడమరిచి చెప్పాడు.

"ఊరికే ఎక్కించుకుంటానంటే నేనెవరి బండీ ఎక్కనండి. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు అడిగారు, వద్దన్నాను. రాజుగారిది వేరండి. ఆయనకే నాతో పనుంది."

"ఏం పనండీ?"

"బరువండి. ఎల్లేటప్పుడు అరవై మూడు, వచ్చేటప్పుడు అరవై. తాగిన నీళ్లన్నీ మెషీను లాగేస్తాది కదండి. అదే మనిషి, అదే రోడ్డు, మూడు కిలోల తేడా. లోడు టెస్టుకి ఇలాంటి మనిషి జిల్లాలో ఇంకోడు లేడంటండి. రెండేళ్ల నుంచి చేస్తన్నాను. ఒక్క బుధవారం మానలేదు."

రాజుగారు రోడ్డు వైపే చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

తొమ్మిదికి ఆరు నిమిషాలుండగా చేరాం. డయాలసిస్ నర్సు సిల్వియా పోతురాజుని తూచి, బరువు చీటీ మీద రాసి, రాజుగారికి ఇచ్చింది. అతన్ని లోపల పడుకోబెట్టి వచ్చాక నాతో అంది: "రెండు విడతల మధ్య ఈయన మూడు కిలోలకి మించి పెరగకూడదండి. నీళ్లు తక్కువ తాగమని డాక్టరుగారు చెప్పినా వినేవాడు కాదు, నాలుగున్నరతో వచ్చేవాడు. రాజుగారు చీటీ చూసి, 'ఏవయ్యా, కిలోన్నర ఎక్కువ తెచ్చావు, నా లెక్క నాశనం చేశావు' అని తిట్టడం మొదలెట్టారు. ప్రాణం కోసం మానలేదుగాని, లెక్క పాడవుతుందని మానేశాడండి."

రాజుగారు వరండాలో బెంచీ మీద కూర్చుని మైలేజీ లెక్కల పుస్తకంలో చీటీ అంటిస్తున్నారు. తీసుకుని తిరగేశాను. ప్రతి ప్రయాణానికీ తేదీ, బరువు, టైర్లలో గాలి, మైలేజీ, అన్నీ ముత్యాల్లాంటి అంకెలు. బుధ, శనివారాలకి మాత్రం పోతురాజు బరువే ఉంది. మైలేజీ గడి ఖాళీ.

"ఇక్కడ రాయలేదేమిటండీ?"

"చూడటం మర్చిపోయానండి."

"రెండొందల సార్లా?"

"వయసండి" అన్నారు.

పదకొండున్నరకి హేమంత్‌కుమార్ ఫోను. "రాజుగారూ, అందరూ వచ్చేశారండి. ఎక్కువొచ్చినాయనకి ఇరవై మూడే. మీరెక్కడున్నారండి?"

"టెస్టులో ఉన్నాను బాబూ. తిరుగు ప్రయాణం లేకుండా లెక్కెలా తేలుద్ది? ఇచ్చేయండి ఆయనకి" అని పెట్టేశారు. తర్వాత చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఇరవై ఆరు పాయింటు ఎనిమిది వచ్చిన మనిషికి ఇరవై మూడు అనే మాట వినడం ఎంత కష్టమో ఆ ముఖం చూస్తే తెలిసింది.

ఒంటిగంట దాటాక పోతురాజు మెల్లగా నడుచుకుంటూ బయటికి వచ్చాడు. రాజుగారు రెండో చీటీ లాక్కుని చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశారు.

"పొద్దున అరవై ఒకటీ తొమ్మిదొందలంటే కాటా తప్పనుకున్నాను. ఇప్పుడు అరవై. రెండు కిలోలు కూడా లేదు. ఏంటయ్యా ఇది?"

"పోటీ కదండి" అన్నాడు పోతురాజు. "బుధవారం నుంచి గుక్కలు లెక్కెట్టుకుని తాగానండి."

"బస్సుకి వెళ్తానన్నవాడివి, నీకెందుకు పోటీ?"

"మీరు ఆపుతారని తెల్సండి."

రాజుగారు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకో వంద గ్రాములు తగ్గాల్సింది" అన్నారు. కారు తలుపు తీసి, ముందు సీటు పడుకునేలా వెనక్కి వాల్చి, పోతురాజుని ఎక్కించారు. నేను వెనక తలుపు మీద చెయ్యి వేశాను.

"మీరు బస్సులో రండి" అన్నారు.

"అదేమిటండీ?"

"అరవై కిలోల రీడింగు తీయాలండి. మీరెక్కితే తప్పొస్తుంది."

అది ఏ గడిలో రాస్తారని నేను అడగలేదు. కారు ఆస్పత్రి గేటు దాటి ఏలూరు బజారులోకి, ఎవరినీ తొందరపెట్టకుండా జారుకుంది. వెనక పద్నాలుగు ఆటోలు హారను కొడుతున్నాయి. నేను బస్‌స్టాండు వైపు నడిచాను.