సెరీనాకు ఒడ్డున కనిపించినవి

బ్రాడీపేటలో రాఘవులు మాస్టారి క్లాసంటే సగం గ్రూప్స్ సిలబసు, సగం ఓడ. అద్దంకి పొగాకు రైతు కొడుకు, సముద్రంలో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగని మనిషి. అలాంటాయనకు సెరీనా అనే ఇంగ్లీషు తెరచాప యుద్ధనౌక మీద ఎక్కడలేని మోజు. బొంబాయి టేకుతో కట్టారని, ముప్ఫై ఆరు ఫిరంగులని, బర్మా యుద్ధంలో ఏటికి ఎదురెక్కిందని ఊగిపోతూ చెప్పేవారు. ముసలితనంలో ఖైదీలను ఉంచే తేలే జైలుగా మారి, కడకు కట్టెలకు అమ్ముడుపోయిందనేసరికి కళ్ళు తుడుచుకునేవారు. సొంత మేనమామ పోతే కూడా ఇంత ఏడవలేదని భార్య మాణిక్యమ్మ దెప్పేది. కోచింగ్ సెంటర్ గైడులో ఆ ఓడకు రెండు పేజీలు పట్టుబట్టి వేయించుకున్నారు.

2003 ఎండాకాలంలో, లండన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయగా, ఆ ఓడ దినచర్య పుస్తకం జిరాక్సులు వచ్చాయి. 1833లో సెరీనా మన వాడరేవు ఎదుటే తొమ్మిది రోజులు లంగరేసిందట. మాస్టారు సంబరపడిపోయారు. ఆనక ఆ ఏడాది అంకె మళ్ళీ చూశారు. అది డొక్కల కరువు. గుంటూరు సీమలో దారి పొడవునా శవాలే. ఇంట్లో ఎనిమిది మందిలో తన ముత్తాత తండ్రి ఒక్కడే మిగిలాడని నాయనమ్మ చెప్పేది.

తొమ్మిది రోజులకూ రాత ఒకటే: "గాలి అనుకూలం. ఒడ్డున విశేషాలేమీ లేవు." అయిదో రోజు మాత్రం ఇంకో ముక్క ఉంది: "ఒడ్డున బలిసిన గొర్రెలు కనిపించాయి. అధికారుల భోజనానికి పన్నెండు ఎక్కించాం."

మాస్టారు కాగితం పక్కన పెట్టి లేచారు. ఆ కాగితం పట్టుకున్న చేతుల్ని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నారు. ఓడ మీదకన్నా తన మీద ఎక్కువ రోత పుట్టింది. థూ! పదకొండేళ్ళు ఈ పాడు కొయ్యకా కళ్ళనీళ్ళు పెట్టుకుంది?

ఆ రాతను గైడులో చేర్చమని సెంటర్ యజమాని బాబ్జీని అడిగారు.

"కరువు గొడవ మనకెందుకండీ మాస్టారూ? నెగెటివ్‌గా ఉంటది. ఓడ గొప్పతనం ఉంచేసి ఇది వదిలేద్దామండి. అయినా దీంట్లోంచి బిట్టు రాదు కదా?"

"ఎందుకు రాదు? వస్తుంది," అన్నారు మాస్టారు.

ఆదివారం టెస్టులో ఆఖరి ప్రశ్న అదే. 1833లో వాడరేవు ఎదుట, సెరీనా దినచర్య ప్రకారం, ఒడ్డున కనిపించినవి ఏవి? ఎ) శవాలు బి) ఆకలికి మాడుతున్న జనం సి) గొర్రెలు డి) పైవన్నీ.

క్లాసు క్లాసంతా 'డి' పెట్టింది. మాస్టారు అందరికీ ఇంటు కొట్టేసి, బోర్డు మీద పెద్దక్షరాలతో జవాబు రాశారు: సి.