అదనపు పట్టీ

బండి బరువు మోసే కమాన్లు కట్టే మేస్త్రి దిండు కింద ఇనప కమాను పట్టీ పెట్టుకుని పడుకుంటాడని వీధి వీధంతా చెప్పుకుంటుంది. కళ్ళారా చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆయన చెయ్యి పడ్డ పికప్ బండి మీద ఏనుగు ఎక్కి కూర్చున్నా వెనక కుంగదని పేరు. ఒకరోజు సొంత తమ్ముడే బండి తెచ్చాడు.

"అన్నయ్యా, ట్రైలర్ తగిలిస్తే చాలు, వెనక చతికిలబడి ముందు చక్రాలు గాల్లో తేలుతున్నాయి. కమాను కట్టలో ఇంకో పట్టీ వెయ్యి."

"బరువు తగ్గించుకోరా."

"తగ్గించుకునేవాణ్ణయితే నీ దగ్గరికెందుకొస్తాను?"

మేస్త్రి నవ్వుతూ పట్టీ బిగించాడు. బండి పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడింది. కుంగడం మానేసరికి బరువెంతో తమ్ముడి కంటికి ఆనలేదు. ట్రైలర్‌లో కొండంత రాయి నింపాడు. వెనక గట్టిపడింది గానీ బ్రేకులు పాతవే. దిగుడు రోడ్డులో ట్రైలర్ వెనకనుంచి తోసేసింది. తమ్ముడు మరి ఇంటికి రాలేదు.

అప్పట్నుంచి మేస్త్రి బరువుతో వచ్చిన ప్రతి బండికీ చక్రానికీ పైరేకుకీ మధ్య చెయ్యి పెట్టి బెత్తెడు సందుందో లేదో చూస్తాడు. చెయ్యి పట్టకపోతే సగం సరుకు దించుకు రమ్మంటాడు. కాళ్ళావేళ్ళా పడినా అదనపు పట్టీ వెయ్యడు.

మొన్న టీకొట్టువాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేస్త్రీ, నీ దిండు కింద ఉండేది తమ్ముడి బండి పట్టీయేనా?"

సందు కొలుస్తున్న మేస్త్రి చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది.

"ఏ తమ్ముడు? మా అమ్మకి నేనొక్కణ్ణే. దిండు కూడా లేదు నాకు. ఆ పట్టీ నేను వెయ్యలేదు."