బ్రెజిల్ పాటలో ఒక ధబ్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు చాలా ఉండేవి, కానీ ఉన్నాయని తెలియదు. ఇరవై ఏళ్లవాణ్ణి. మా ఊరి బంగారు గనులు సర్కారువి అయి చాలా ఏళ్లయింది. రాబర్ట్‌సన్‌పేటలో మాది రాగులు, బియ్యం అమ్మే అంగడి. మూటల మధ్య కూర్చుని మౌతార్గాన్ వాయించేవాణ్ణి. ఊళ్లో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం (మౌతార్గాన్ ఉన్నవాడే ఇంకొకడు లేడన్న సంగతి పట్టించుకోలేదు). గనివాళ్ల క్లబ్బులో ఆదివారం సాయంత్రాలు వాయించే బ్యాండులో ఒక చోటు ఖాళీ అయింది. అది నాకు కావాలి. నాయన ఒకటే చెప్పినాడు: "వాళ్లు తీసుకుంటే పో. లేదంటే ఆదివారం గూడా అంగట్లో కూర్చో. ఇంగ ఆ పీపీ సద్దు నాకు వినపడకూడదు."

బ్యాండుకు పెద్ద టోపీ మామ. గనిలో ఫోర్‌మన్ (భూమి కింద హెల్మెట్, పైన టోపీ, ఆయన నెత్తి చూసినవాళ్లు లేరు). ఆయన దగ్గర ఎవరో విదేశం నుంచి పంపిన రికార్డు ఉండేది. బ్రెజిల్ జాజ్. మౌతార్గాన్ వాయించే మనిషే ముందుండి నడిపిన కచేరీ, జనం ఎదుటనే రికార్డు చేసింది. చప్పట్లు, దగ్గులు కూడా వినిపిస్తాయి. "దీన్లో మొదటి పాట వాయించి చూపీప్పా, చోటు నీదే," అన్నాడు మామ. రికార్డును ఇల్లు దాటనివ్వడు. తాను డ్యూటీకి పోతూ, దాని పక్కన టేపురికార్డరు పెట్టి క్యాసెట్టు చేయమని అత్తకు చెప్పిపోయినాడట. మరునాడు క్యాసెట్టు నా చేతికొచ్చింది.

మూడు వారాలు సాధన చేశాను. తాళానికి మా బావ. సొంత మేనమామ కొడుకు (టోపీ మామ ఊరి వరసకే మామ), మా అంగట్లోనే పని. ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద ఏదైనా పలికించేవాడు. పాట నడుమ ఒక చోట 'ధబ్' అని పెద్ద దెబ్బ, వెంటనే గలగల, ఆ మీదట రాగం ఎక్కడికో దూకేది.

"ఇదేంది బావా, ఇట్ల దూకినాడు?"

"బ్రెజిలోళ్లు అట్లే దూకుతార్రా," అన్నాడు బావ, ఆ దేశం ఏ దిక్కున ఉందో తెలియని ధైర్యంతో. ధబ్‌కు డబ్బాను కాలితో తన్నడం, గలగలకు పళ్లెంలో లోటాలు కుదపడం ఆయనే కనిపెట్టినాడు. ఆ మూడు వారాల్లో గని లోపల బండ పగిలి రెండుసార్లు మా అంగడి అదిరింది. మేము తల ఎత్తలేదు. మా ఊళ్లో దానికెవరూ తల ఎత్తరు.

ఆదివారం క్లబ్బుకు బ్యాండువాళ్లు, అత్త అందరూ వచ్చినారు. తలుపు దగ్గర నాయన. నేను ఏ మాత్రం తడబడలేదు. ధబ్, గలగల, దూకుడు, అన్నీ అచ్చంగా టేపులో ఉన్నట్టే. వాయించి తల ఎత్తితే టోపీ మామ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు (బట్టతల).

"ఆ దూకుడు యాడిదప్పా?"

"టేపులో అట్లే ఉండాది మామా."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అది బ్రెజిల్ కాదప్పా, మా ఇంటి పింగాణీ బీరువా! ఆ దినం గనిలో బండ పగిలి ఇల్లదిరింది. రికార్డు మీది ముల్లు ఎగిరి పాటలో ఇంగ యాడనో పడింది. రెండు కప్పులు పోయినాయి. టేపు మాత్రం తిరగతానే ఉన్నింది."

అందరూ నవ్వినారు. నాయన కూడా. నవ్వు తగ్గినాక టోపీ మామ బావ వైపు వేలు చూపించినాడు. "భూమి అదిరినా తాళంలో ఒక్క లెక్క గూడా ఈయప్ప తప్పలేదు సూడు. నువ్వు రాప్పా బ్యాండుకి."

బావ నన్ను చూసినాడు. నేను లేకుండా రానంటాడని నాకు గట్టి నమ్మకం.

"సరే మామా," అన్నాడు బావ.

చాలా ఏళ్లు ఆయన ఆదివారాలు క్లబ్బులో, నావి అంగట్లో గడిచినాయి. మొదటి నెల ఆయనతో మాట్లాడలేదు. తరువాత ప్రతి సోమవారం పొద్దున్నే, నిన్న ఏం వాయించినారో డబ్బా మీద కొట్టి చూపిస్తే వినేవాణ్ణి.

బావ పోయి ఏడాది. మొన్న ఆయన కూతురు ఆ కచేరీని ఎక్కడో వెదికి ఫోనులో వినిపించింది. శుభ్రమైన రికార్డింగు. మా దూకుడు చోటికి వచ్చి, రాగం దూకకుండా నిదానంగా సాగిపోయింది. వినడానికి ఏదో తప్పుగా ఉంది. నా చెయ్యి దానంతట అదే లేచి బల్ల మీద ధబ్‌మని కొట్టింది.

తాళానికి ఒక లెక్క ఆలస్యంగా. టోపీ మామ సరైనవాణ్ణే తీసుకున్నాడు.