బకెట్ల వరుస

హైదరాబాద్‌లో నాకు మాట్లాడటం నేర్పింది కాలేజీ కాదు. చందానగర్‌లో మా హాస్టల్ రెండో అంతస్తు బాత్‌రూమ్ ముందున్న ఇరుకు వరండా. ఈ మాట వింటే మా కాలేజీవాళ్ళు బాధపడతారేమో. పడనీ.

మాది ప్రొద్దుటూరు. నాన్న పిండిమర నడుపుతాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను, ఇంటర్ ఎలాగో గట్టెక్కాను, నగర శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. కాలేజీ హాస్టల్లో చోటు లేకపోవడంతో, చందానగర్ మార్కెట్ వెనక ఉన్న, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టల్లో నన్ను చేర్పించాడు నాన్న. ఊరికి బస్సెక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు.

"ఉద్యోగమొస్తే ఈడ్నే ఉండు మా. రాకుంటే ఇంటికొచ్చెయ్. బీఎడ్ చేసుకుందువు. నువ్వేం దిగులు పెట్టుకోవాకు."

కోప్పడి ఉంటే బాగుండేది. అంత మెత్తగా చెప్పేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే నాకు ఇంటికి వెళ్ళాలని లేదు. ఈ నగరంలో సొంత కాళ్ళ మీద నిలబడాలని ఉంది. నాలుగో ఏడాదిలో కంపెనీలు వస్తాయి. ఆలోపు నలుగురిలో నోరు తెరిచి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పడం రావాలి. క్లాసులో జవాబు తెలిసినా తల దించుకుని కూర్చునేదాన్ని. తప్పు మాట్లాడి నవ్వులపాలు కావడం కన్నా మూగదాన్ని అనిపించుకోవడమే గౌరవంగా తోచేది. నాకు పొగరని తోటివాళ్ళు అనుకున్నారు. అదీ కొంత నిజమే.

గదిలో నాతో పాటు ఇద్దరు ఉండేవారు. ఆ హాస్టల్లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు, ఊరు పెట్టి పిలుస్తారు. ఒకామె సిద్దిపేట. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ ఉద్యోగం. ఆ అలవాటు గదిలో కూడా మానేది కాదు. రెండో ఆమె భీమవరం. ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూసేది. ఇద్దరూ నాకన్నా పెద్దవాళ్ళు, ఇద్దరూ పొద్దున్నే హైటెక్ సిటీ రైలు పట్టుకోవాల్సినవాళ్ళు. మా అంతస్తులో గీజర్ పనిచేసే బాత్‌రూమ్ ఒక్కటే. అందుకని తెల్లారగానే ఎవరి బకెట్ వాళ్ళు తెచ్చి తలుపు ముందు వరుసలో పెట్టేవాళ్ళం. బకెట్ ఎక్కడుంటే మనిషి వంతు అక్కడ. వెనకున్నవాళ్ళకు చన్నీళ్ళే గతి.

నేను చేరిన కొత్తలో ఒక పొద్దున సిద్దిపేట నా బకెట్ మీద కాలు పెట్టి నిలబడింది.

"చూడు ప్రొద్దుటూరు, మా ఆఫీసుల రోజు పొద్దుగాల నిలబడి మీటింగ్ పెడ్తరు. కూసుంటే ముచ్చట్లు ఎక్కువైతయని నిలబెడ్తరు. మూడే మాటలు. నిన్న ఏం జేసినవ్, ఇయ్యాల ఏం జేస్తవ్, నీకు అడ్డమేముంది. మేం ఈడ గూడ గదే జేస్తం. చెప్పనోళ్ళ బకెట్ ఎనక్కి పోతది."

"నిన్న కాలేజీకి పోయినా. ఈ పొద్దు గూడా పోతా. అడ్డమేమీ లేదు" అన్నాను.

"అడ్డం లేనోళ్ళు ఈ దునియాల లేరు" అని నా బకెట్‌ను కాలితో వెనక్కి నెట్టింది. ఆ రోజు చన్నీళ్ళు పోసుకుని, కాలేజీ బస్సులో వణుకుతూ ఆమెను మనసులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మర్నాడు కోపం పట్టలేక గట్టిగానే చెప్పాను. "అడ్డమా? మీరిద్దరూ గదిలో లైటు తీయరు. నాకు నిద్ర పట్టదు. అదీ నాకు అడ్డం."

భీమవరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ముందే చెప్పొచ్చు కదమ్మా" అంది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చిన్న టేబుల్ లైటు కొనుక్కొచ్చి తన మంచం పక్కన పెట్టుకుంది. పెద్ద లైటు ఆరింది. నోరు తెరిచి ఒక మాట అంటే ఒక కష్టం తీరిపోవడం నాకు కొత్త. మా ఇంట్లో కష్టాన్ని నాన్న మొహం చూసి అర్థం చేసుకోవడమే గానీ ఎవరూ చెప్పుకోరు.

కొన్నాళ్ళకు అసలు సంగతి కూడా వరుసలో నిలబడే బయటపెట్టాను. ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయమని, ఆ భయం పోకపోతే ఇంటికి పోవాల్సి వస్తుందని.

సిద్దిపేట నవ్వలేదు. "ఇగ రేపటికెళ్ళి నువ్వు ఇంగ్లీషులనే చెప్పు. తప్పు మాట్లాడినా బకెట్ కదలదు. ఆగితేనే ఎనక్కి పోతది" అంది.

"ఏం పర్లేదమ్మా. మా టీం లీడ్ ఇంగ్లీషు వింటే నువ్వే ధైర్యం తెచ్చుకుంటావు" అంది భీమవరం.

అలా మొదలైంది. క్రియలు ఎటో, కర్తలు ఎటో పోయేవి. తోచని మాట దగ్గర తెలుగు దూర్చి అయినా సరే, ఆగకుండా వాక్యం అవతలి ఒడ్డుకు చేర్చేదాన్ని. వేడినీళ్ళ మీద ఆశ మనిషి చేత ఎంతైనా మాట్లాడిస్తుంది. మూడో ఏడాది అయ్యేసరికి వరండాలో నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

కానీ వరండా వేరు, ఇంటర్వ్యూ వేరు అనుకున్నాను. అక్కడే దెబ్బ తిన్నాను. నాలుగో ఏడాది మొదట్లో కాలేజీలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టారు. ఒక సీనియర్ ఇచ్చిన పరిచయాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టి వెళ్ళాను. సగంలో ఉండగా ఆ సారు ఆపి, మీ నాన్నగారి పిండిమరలో ఏమేం పట్టిస్తారని అడిగారు. ఎంత తేలిక ప్రశ్న. రాగులు, జొన్నలు, మిరపకాయలు అంటే అయిపోయేది. నేను మాత్రం తెగిన చోట అతకడం చేతకాక, మళ్ళీ "గుడ్ మార్నింగ్ సార్, మైసెల్ఫ్" అని మొదటి నుంచి అందుకున్నాను. అప్పటికి మధ్యాహ్నం భోజనాలు కూడా అయిపోయాయి. వెనక బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి.

మర్నాడు వరుసలో ఇదంతా చెప్పాను.

"రోజు మా ముందట ఇష్టమొచ్చినట్టు మాట్లాడతవ్. ఆడికి పోయి బట్టీ ఎందుకు చదివినవ్?" అంది సిద్దిపేట.

"ఇది బాత్‌రూమ్ అక్కా. అది ఇంటర్వ్యూ."

"ఆడ గూడ మనుషులే ఉంటరు గదా."

ఆ తర్వాత కొద్ది రోజులకే సిద్దిపేట ఒక మధ్యాహ్నం పూట హాస్టల్‌కు వచ్చేసింది. ఆఫీసు లాప్‌టాప్ లేక భుజాన సంచి వేలాడుతోంది. ఆమె టీమ్‌ మొత్తాన్ని తీసేశారు. ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేకపోయినా ఆమె బకెట్ తెచ్చి వరుసలో పెట్టింది. "నిన్న నన్ను ఉద్యోగంలకెళ్ళి తీసేసిన్రు. ఇయ్యాల" అంటూ ఆగిపోయింది. ఆమె వంగి తన బకెట్ తానే తీసుకుని అందరి వెనక పెట్టుకుంది.

"ఈ రోజుకి వద్దండీ" అని భీమవరం ఆ బకెట్‌ను ముందుకు తేబోయింది.

"రూల్ రూలే" అంది సిద్దిపేట.

ఆ మర్నాడు మాత్రం ఆగలేదు. "నిన్న ఏడ్చిన. ఇయ్యాల రెజ్యూమె మారుస్త. అడ్డమేందంటే, మా అమ్మకింకా చెప్పలే" అంది. అలా రోజూ చెప్పింది. పిలిచిన కంపెనీలు, పిలవని కంపెనీలు, పిలిచి వద్దన్న కంపెనీలు, అన్నీ. ఉద్యోగం వస్తే ఇక జీవితం ఒడ్డున పడ్డట్టేనని అనుకునేదాన్ని. ఆ తర్వాత కూడా పడి లేవాల్సి ఉంటుందని, అలా లేవడం ఎలాగో ఆమెను చూసి తెలుసుకున్నాను. ఏ ప్లేస్‌మెంట్ క్లాసులోనూ ఎవరూ నాకు అది చెప్పలేదు.

చివరికి ఒక కంపెనీ నన్ను ఆఖరి రౌండ్‌కు నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు రమ్మంది. సిద్దిపేట కూడా బయల్దేరింది. "నాకింట్ల ఏం పనుంది, నడువు" అంది. హైటెక్ సిటీలో రైలు దిగి షేర్ ఆటో ఎక్కాం. దారంతా ఆమె ఇంటర్వ్యూ ఊసే ఎత్తకుండా, ఆటోలో పాటల మీద జోకులు వేస్తూ కూర్చుంది. ఆఫీసు గేటు దగ్గర మాత్రం నా చున్నీ సరిచేసి, "ఆగకు" అంది.

లోపల ఒక మేడం. పరిచయం చెప్పమన్నారు. పాడు అలవాటు, మళ్ళీ బట్టీ పట్టిందే నోటికొచ్చింది. సగంలో ఆవిడ చెయ్యెత్తి ఆపారు. మెదడు ఖాళీ అయిపోయింది. గుడ్ మార్నింగ్ దాకా వెళ్ళబోయి, బకెట్ గుర్తొచ్చి నిలదొక్కుకున్నాను. నిన్న ఏం చేశానో చెప్పాను. ఈ రోజు ఏం చేయాలని వచ్చానో చెప్పాను. "బట్టీ పట్టింది మీరు ఆపేశారు, ఇప్పుడు నాకు అదే అడ్డం" అని కూడా చెప్పాను, వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ నవ్వి, ఇలా చెప్పడం ఎవరు నేర్పారని అడిగారు. వరండా గురించి చెప్పాను.

"మేం నిన్ను తీసుకోకపోతే?"

"రేపు పొద్దున వరుసలో నిలబడి ఆ సంగతి చెప్తాను. తర్వాత ఆ రోజు ఏం చేయాలో చెప్తాను. మా గదిలో ఒక అక్క రోజూ అదే చేస్తోంది" అన్నాను.

తర్వాతి వారం ఒక సాయంత్రం మెయిల్ వచ్చింది. ఉద్యోగం వచ్చింది. మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. "అయితే ఆడ్నే ఉండు మా" అన్నాడు. వెనక పిండిమర చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గదిలో మాత్రం చెప్పలేకపోయాను. సిద్దిపేటకు పుణెలో ఉద్యోగం దొరకడానికి అప్పటికింకా చాలా నెలల వ్యవధి ఉంది. ఆ రోజు కూడా ఏదో కంపెనీ ఆమెను వద్దంది.

మర్నాడు పొద్దున వరుసలో నా వంతు వచ్చింది. "నిన్న కాలేజీకి పోయినా. ఈ పొద్దు గూడా పోతా. అడ్డమేమీ లేదు" అన్నాను, తెలుగులోనే.

సిద్దిపేట నా బకెట్‌ను కాలితో వెనక్కి నెట్టింది. "మెట్ల మీద మీ నాయినతోని ఏం చెప్పినవో గది చెప్పు."

కళ్ళు తుడుచుకున్నాను. నిన్న నాకు ఉద్యోగం వచ్చిందని, ఈ రోజు ఏం చేయాలో తెలియడం లేదని, అడ్డం మాత్రం ఉందని, నీకింకా రాలేదన్నదే ఆ అడ్డమని, ఇంగ్లీషులో ఎక్కడా ఆగకుండా చెప్పాను.

ఆమె నన్ను గట్టిగా దగ్గరికి తీసుకుంది. తర్వాత వంగి, వెనకున్న నా బకెట్ తీసి, తన బకెట్ కంటే ముందు పెట్టింది.

"పో, నీళ్ళు మంచిగ కాగినయ్" అంది.